యాక్సిడెంట్‌లో ప్రాణం పోయాక డ్రైవర్ మళ్ళీ మనుషుల్లో పడటం ఎలా

యాక్సిడెంట్ జరిగిన మూడో రోజు మా ఇంటికి చాలామంది వచ్చారు. "బెయిల్ వచ్చిందా?" అన్నారు. "బండి విడిపించారా?" అన్నారు. "ఇన్సూరెన్స్ కట్టే ఉందా?" అన్నారు. రాత్రి నిద్ర పడుతోందా అని ఒక్కరూ అడగలేదు. వాళ్ళది తప్పని నేను అనను. చనిపోయినవాళ్ళ ఇంటికి పరామర్శకు ఎలా వెళ్ళాలో మనకు తెలుసు. ఆ బండి నడిపినవాడి ఇంటికి వెళ్ళి ఏం మాట్లాడాలో మనకెవరూ నేర్పలేదు.

నేను పంతొమ్మిదేళ్ళు లారీ నడిపాను. ఒక రాత్రి నెల్లూరు నుంచి విజయవాడకు బియ్యం లోడుతో పోతున్నాను. సింగరాయకొండ దాటాక డివైడర్ సందులోంచి ఒక పెద్దాయన సైకిల్ మీద అడ్డంగా వచ్చేశాడు. హ్యాండిల్‌కు తగిలించుకున్న స్టీలు క్యారేజీ ఊడిపోయి, దాని మూత హెడ్‌లైట్ వెలుగులో రోడ్డు మీద గిరగిరా తిరిగి, చప్పుడు చేసుకుంటూ ఆగింది. ఆయన ముఖం నాకు గుర్తులేదు. ఆ మూత మోత మాత్రం చాలా కాలం నన్ను వదల్లేదు.

లారీ, టిప్పర్, ఆర్టీసీ బస్సు, స్కూలు బస్సు, ఆటో, ట్రావెల్స్ కారు, ఏది నడిపేవాళ్ళయినా సరే, ఇలాంటిది మీకు జరిగి ఉంటే ఇది మీకోసం రాస్తున్నాను. జరగనివాళ్ళు కూడా చదవండి. తోటి డ్రైవర్‌కు జరిగిన రోజు మీరే అక్కరకు వస్తారు.

ఆ గంటలో

బండి పక్కకు ఆపి ఇంజన్ ఆపండి, ఇండికేటర్లు వేయండి. 108కి ఫోన్ చేయండి. హైవే మీదైతే 1033కి, పోలీసుల కోసం 112కి కూడా చేయవచ్చు. చేతులు వణికి నంబరు నొక్కలేకపోతే క్లీనర్ చేత చేయించండి. ఏ ఊరు దాటారో, ఏ ఊరికి ముందున్నారో, పక్కన కిలోమీటరు రాయి మీద ఏముందో చెప్తే అంబులెన్స్ తొందరగా వస్తుంది.

పారిపోవాలని కాళ్ళు లాగుతాయి. ఆ సమయంలో శరీరం అలాగే చేస్తుంది, దానికి సిగ్గుపడొద్దు. కానీ పారిపోవద్దు. దెబ్బ తగిలినవాళ్ళకు వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో చెప్పడం డ్రైవర్ బాధ్యత అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ అంటుంది. జనం మీదికి వచ్చి కొట్టే పరిస్థితి ఉంటే మాత్రం అక్కడే నిలబడి దెబ్బలు తినమని ఆ చట్టం కూడా చెప్పదు. నేరుగా స్టేషన్‌కు వెళ్ళి జరిగింది చెప్పండి. చట్టం సంగతి అలా ఉంచితే, మనసు పరంగా దీనికి ఇంకో కారణం ఉంది. పారిపోయినవాళ్ళు చాలామంది తర్వాత నాతో చెప్పుకున్నది ఒకటే మాట: "ఆగి ఉంటే బతికేవాడేమో అన్నా." ఆగినవాడికి ఆ ఒక్క బాధ తప్పుతుంది.

ఇంకో రెండు సంగతులు. ఫొటోలు, వీడియోలు తీయొద్దని క్లీనర్‌కు గట్టిగా చెప్పండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి మీ ఫోన్‌లోకి ఏవైనా వస్తే తెరవకుండా ఎవరి చేతనైనా తీసేయించండి. లాయర్‌కు కావాలంటే ఆయనకే పంపమనండి, మీరు చూడనక్కర్లేదు. ఇక రెండోది. "నీ బదులు ఇంకో డ్రైవర్ని లైసెన్సుతో స్టేషన్‌కు పంపుతాం, నువ్వు ఊరెళ్ళిపో" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అది నేరం. పైగా ఆ అబద్ధాన్ని జీవితాంతం మోయాల్సింది మీరే.

ఆ రాత్రి, ఆ తర్వాత మూడు రోజులు

ఒంటరిగా పడుకోవద్దు. ఇంట్లోవాళ్ళలో ఒకరిని ఆ గదిలోనే ఉండమనండి. ఆకలి లేకపోయినా మజ్జిగన్నమో గంజో కడుపులో పడాలి. ఒళ్ళు వణకడం, చెమటలు, ఏడుపు రాకపోవడం, లేదంటే ఆగకుండా రావడం, అంతా కలలో జరిగినట్టు ఉండటం, ఇవన్నీ ఆ రోజుల్లో వస్తాయి. పిచ్చి పడుతోందని కంగారుపడొద్దు. మీ బండి తూలి మీ తలకో ఛాతీకో దెబ్బ తగిలి ఉంటే మాత్రం అదే రోజు ఆస్పత్రిలో చూపించుకోండి. టెన్షన్‌లో సొంత నొప్పి తెలియదు.

"ఒక క్వార్టర్ వేసి పడుకో" అని స్నేహితులు ప్రేమతోనే అంటారు. వినొద్దు. మందు తాగితే నిద్ర తొందరగా పడుతుంది, కానీ అర్ధరాత్రి దాటాక చెదిరిపోతుంది, పీడకలలు ఎక్కువవుతాయి. నాలుగు రోజులు అలా గడిస్తే అయిదో రోజు మందు లేకుండా కన్ను మూతపడదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రల సంగతీ అంతే. డాక్టర్ రాయకుండా వేసుకోవద్దు.

జరిగింది మళ్ళీ మళ్ళీ చెప్పమని వచ్చిన ప్రతివాడూ అడుగుతాడు. చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే "ఇప్పుడు వద్దు మామా" అనండి. బలవంతంగా మొత్తం కక్కించేస్తే మనసు తేలికవుతుందనేది నిజం కాదు. పోలీసులకు, లాయర్‌కు చెప్పక తప్పదు. మిగతావాళ్ళలో ఎవరికి చెప్పాలో, ఎంత చెప్పాలో మీ ఇష్టం.

దిష్టి తీయించాలని, శాంతి చేయించాలని ఇంట్లో ఆడవాళ్ళు అంటారు. అడ్డు చెప్పకండి. శనివారం మాలకొండకో, పెంచలకోనకో, కసుమూరు దర్గాకో వెళ్ళి కూర్చుంటే మీకు ఊరట దొరుకుతుందంటే తప్పకుండా వెళ్ళండి. కింద చెప్పే వైద్యానికి బదులుగా మాత్రం కాదు, దానితో పాటు.

నెల లోపల ఏమేం వస్తాయి, ఏం చేయాలి

ఆ దృశ్యం పిలవకుండానే కళ్ళ ముందుకు వస్తుంది. పీడకలలు వస్తాయి. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు. ఆ రోడ్డు పేరు వినబడితే గుండె దడ మొదలవుతుంది. పిల్లల మీద విసుక్కుంటారు, తర్వాత బాధపడతారు. దేని మీదా మనసు నిలవదు. నెల లోపల ఇవి చాలామందిలో వాటంతట అవే తగ్గుముఖం పడతాయి.

ముందుగా, మిమ్మల్ని ఆ రాత్రికి లాక్కెళ్ళేది ఏమిటో కనిపెట్టండి. ఇది ముఖ్యం. మా ఇంట్లో వంటగదిలో గిన్నె మూత కింద పడితే నేను గోడకు అతుక్కుపోయేవాణ్ణి. ఎందుకో మా ఆవిడకు అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు. మూడు వారాల తర్వాత ఒక రోజు క్యారేజీ కడుగుతూ ఆమే అడిగింది, "ఆ రోజు ఇలాంటి చప్పుడేమైనా అయిందా?" అని. అప్పుడు చెప్పాను. ఆ రోజు నుంచి మూత పడితే ఆమె వంటగదిలోంచి "మూతేలే, మూతే" అని కేకేసేది. ఆ ఒక్క మాటతో దడ సగం తగ్గేది. మీకు అది బ్రేక్ గాలి వదిలే శబ్దం కావచ్చు, డీజిల్ వాసన కావచ్చు, ఎదురుగా వచ్చే ఒంటి లైటు బండి కావచ్చు. ఏమిటో తెలిస్తే ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంచండి.

ఆ దృశ్యం ముంచుకొచ్చినప్పుడు రెండు అరికాళ్ళూ నేల మీద గట్టిగా ఆనించండి. పైకి వినబడేలా చెప్పండి: "ఈ రోజు శుక్రవారం. నేను టంగుటూరు టోల్‌గేట్ దగ్గర ఉన్నాను. బండి ఆగి ఉంది. ఎదురుగా టీ అంగడి ఉంది, దాని ముందు ఎర్ర కుర్చీ ఉంది." కళ్ళకు కనిపించేవి, చెవులకు వినిపించేవి పేరుపేరునా చెప్పండి. ఊపిరి తీసుకునేదాని కంటే వదిలేది నెమ్మదిగా ఉండాలి. మొదట్లో ఇది ఉత్తుత్తి పని అనిపిస్తుంది. పది రోజులు చేయండి, తేడా మీకే తెలుస్తుంది.

పగలు ఖాళీగా మంచం మీద ఉండొద్దు. గొడ్లకు మేత వేయండి, పొలానికి నడిచి వెళ్ళి రండి, పిల్లల్ని బడి దగ్గర దింపండి. నిద్రపోయే వేళ, లేచే వేళ ఒక్కలాగే ఉంచండి.

"తప్పు నాదేనా?"

ఈ ప్రశ్నే మనిషిని తినేసేది. "నీ తప్పేం లేదులే" అని పదిమంది అంటే పోదు. కాబట్టి నేను ఆ మాట అనను. కూర్చుని లెక్క వేయండి.

60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో కనబడటం, అది మనిషని తెలియడం, కాలు బ్రేక్ మీద పడటం, వీటికి కనీసం ఒకటిన్నర సెకను పడుతుంది. అంటే బ్రేక్ పడేలోపే 25 మీటర్లు అయిపోతాయి. 80లో అయితే 33 మీటర్లు. లోడు బండి ఆగడానికి పట్టే దూరం ఆ తర్వాత మొదలవుతుంది. కాబట్టి 20 మీటర్ల దూరంలో చీకట్లోంచి ఒక మనిషి అడ్డం వస్తే ఆ సీట్లో ఎవరున్నా ఆపలేరు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని "ఎడమకు కోసి ఉంటే" అని మీరు అరగంట ఆలోచిస్తున్నారు. ఆ రోజు మీకు అరగంట లేదు.

ఒక కాగితం మీద మూడు భాగాలుగా రాసుకోండి. మొదటిది: నేను చేసింది. రెండోది: రోడ్డుది, వెలుతురుది, బండిది, ఎదుటివాళ్ళది. మూడోది: ఎవరి చేతుల్లోనూ లేనిది. ఆ కాగితం ఎవరికీ పంపకండి, ఫోన్‌లో ఫొటో తీయకండి. లాయర్‌తో, డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. నా కాగితంలో మొదటి భాగం ఖాళీగా లేదు. అది నాకు వరుసగా మూడో రాత్రి డ్రైవింగ్. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పని వేళలు పెట్టింది. ఆ లెక్కన నేను స్టీరింగ్ ముందు ఉండాల్సిన రాత్రి కాదది. బత్తా కోసం ఒప్పుకున్నాను. రెప్పపాటు ముందు చూసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు కూడా. ఆ తెలియకపోవడంతో బతకడం నేర్చుకోవాల్సి వచ్చింది.

మీ కాగితంలోనూ మీ పొరపాటు ఉంటే దాన్ని దాచుకోవద్దు, అలాగని దాన్ని కొండంత చేసుకోనూ వద్దు. ఎంత ఉందో అంతే ఉంచండి. దానికి తగిన పని ఒకటి పెట్టుకోండి. నేను వరుసగా రెండు రాత్రులు నడిపాక మూడో రాత్రి స్టీరింగ్ ముట్టుకోలేదు మళ్ళీ, ఏ ఓనర్ ఎంత ఇస్తానన్నా సరే.

చనిపోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి కాళ్ళ మీద పడాలనిపిస్తుంది. ఇప్పుడు వెళ్ళొద్దు. వాళ్ళ దుఃఖం పచ్చిగా ఉంది, మిమ్మల్ని చూస్తే అది రగులుతుంది. కేసు నడుస్తుండగా వెళ్తే సాక్షుల్ని మాట్లాడుకోవడానికి వచ్చాడని కూడా అంటారు. లాయర్‌ను అడగకుండా, ఊరి పెద్దల ద్వారా కబురు పంపకుండా అడుగు వేయొద్దు. మీ ఇంట్లో ఆయన పేరు మీద దీపం పెట్టుకోవచ్చు. ఏడాది తిరిగే రోజున నలుగురికి అన్నం పెట్టవచ్చు. దుఃఖపడే హక్కు మీకు కూడా ఉంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు, ఎలా

నెల దాటినా పైన చెప్పినవి తగ్గకపోతే, లేదా నెల లోపలే తిండి, నిద్ర, పని పూర్తిగా పడిపోతే వైద్యం కావాలి. నెలకు మించి ఇలా ఉండిపోయే స్థితిని డాక్టర్లు పీటీఎస్‌డీ అంటారు. ఇది పిరికితనం కాదు, గ్రహపాటూ కాదు. వైద్యం ఉన్న జబ్బు.

ఇల్లు కదలకుండా మొదలుపెట్టాలంటే 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రి పగలు ఎత్తుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. నేరుగా చూపించుకోవాలంటే నెల్లూరులో దర్గామిట్ట దగ్గర ప్రభుత్వ పెద్దాసుపత్రికి, ఒంగోలులో రిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. ఓపీ చీటీ దగ్గర "మానసిక వైద్య విభాగం" అని చెప్పండి. లోపలికి వెళ్ళాక ఏం చెప్పాలో తోచకపోతే ఈ రెండు ముక్కలు చాలు: "డ్రైవర్ని. ఫలానా రోజు నా బండి కింద ఒకరు పోయారు. అప్పటి నుంచి ఇలా ఉంది."

వైద్యం రెండు రకాలు. ఒకటి, శిక్షణ ఉన్న మనిషి దగ్గర కూర్చుని ఆ సంఘటనను కొంచెం కొంచెంగా, మీరు తట్టుకోగలిగినంత మేరకు ఎదుర్కోవడం. కొన్ని వారాలు పడుతుంది. రెండోది మందులు. అవి పని చేయడానికి కూడా వారాలు పడుతుంది, తగ్గింది కదా అని మీ అంతట మీరు ఆపొద్దు. మొదటి రోజే డాక్టర్‌తో "నేను బండి నడుపుతాను" అని చెప్పండి. కొన్ని మందులు మత్తుగా ఉంచుతాయి.

చనిపోవాలనే ఆలోచన వస్తే, "నాకూ అదే కావాలి" అని ఒక్కసారి అనిపించినా, నెల ఆగకండి. అదే రోజు ఎవరో ఒకరికి నోరు తెరిచి చెప్పండి, 14416కి చేయండి, లేదా ఆస్పత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళమనండి. ఇంట్లోవాళ్ళు పురుగుమందు డబ్బాలు చేతికి అందకుండా పెట్టండి.

కేసు భయం

సగం నిద్ర పోయేది దీని వల్లే, కాబట్టి తెలుసుకుని ఉండండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106(1) ప్రకారం నిర్లక్ష్యంతో ప్రాణం పోయేలా చేస్తే గరిష్ఠంగా అయిదేళ్ళ జైలు, జరిమానా. బెయిల్ దొరికే సెక్షనే. చెప్పకుండా పారిపోయినవాళ్ళకు పదేళ్ళ శిక్ష అనే, లారీ డ్రైవర్లు సమ్మె చేసిన క్లాజు 106(2) వేరు, మిగతా చట్టం మొదలైన రోజున దాన్ని పక్కన పెట్టారు. తాగి నడిపితే మాత్రం సెక్షన్లు మారిపోతాయి.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసి రిపోర్టు రాస్తారు. కొన్ని నెలలకు మీ ఇంటికి కోర్టు నుంచి ఇంకో నోటీసు వస్తుంది, అందులో మీ పేరు ప్రతివాదిగా ఉంటుంది. మా అమ్మ దాన్ని చూసి జైలుకు పిలిచారనుకుని రోజంతా ఏడ్చింది. అది నష్టపరిహారం కేసు. చనిపోయినవాళ్ళ కుటుంబం ఓనర్ మీద, ఇన్సూరెన్స్ కంపెనీ మీద, మీ మీద కలిపి వేస్తారు. లైసెన్సు, ఇన్సూరెన్స్ సరిగా ఉంటే మామూలుగా డబ్బు చెల్లించేది కంపెనీయే. ఆ నోటీసు తీసుకుని లాయర్‌కు ఇవ్వండి. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ 15100 నంబరులో ఉచిత సాయం అడగండి.

ప్రతి వాయిదాకూ పాత పుండు రేగుతుంది. ముందు రోజు రాత్రి, వాయిదా రోజు, తర్వాతి రోజు ట్రిప్పు ఒప్పుకోవద్దు. కోర్టుకు ఒంటరిగా వెళ్ళొద్దు.

మళ్ళీ స్టీరింగ్

లైసెన్సు మీద ఆంక్ష ఉంటే అది తీరేదాకా ఆగండి. వారం రోజులు వరుసగా నిద్ర పట్టేదాకా కూడా ఆగండి. ఆపైన మెట్టుమెట్టుగా వెళ్ళండి, ఒక మెట్టు మీద దడ తగ్గేదాకా రెండో మెట్టు ఎక్కొద్దు. ఇంజన్ ఆపి ఉన్న క్యాబిన్‌లో ఊరికే కూర్చోవడం మొదటిది. తర్వాత స్టార్ట్ చేసి, యార్డులోనే ముందుకు వెనక్కు. ఆ తర్వాత తెల్లవారాక ఖాళీ బండితో, పక్కన తోడుతో, కందుకూరు రోడ్డులాంటి చోట పది కిలోమీటర్లు. అటుపైన హైవే మీద పగటి ట్రిప్పు. రాత్రి డ్రైవింగ్ అన్నిటికన్నా చివర.

దడ మొదలైతే వెంటనే దిగి ఇంటికి వచ్చేయకండి. అలా వస్తే రేపటికి భయం ఇంకా పెరుగుతుంది. పక్కకు ఆపి, అక్కడే కూర్చుని, అది తగ్గేదాకా ఉండి, మళ్ళీ కొంచెం దూరం నడిపి అప్పుడు రండి.

ఆ స్థలం దాటడం విడిగా ఒక పని. నేను మొదట ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని కావలి నుంచి ఒంగోలుకు వెళ్ళాను. కళ్ళు మూసుకున్నాను. తిరుగు ప్రయాణంలో తెరిచాను. ఆ సందులో ఆవుల్ని దాటిస్తున్నారు.

ఈ పని ఇక వద్దనిపిస్తే మానేయవచ్చు. అందులో ఓటమి ఏమీ లేదు. ఆరు నెలల్లోపు మాత్రం ఆ నిర్ణయం తీసుకోకండి, లైసెన్సు చించేయకండి.

ఇంట్లోవాళ్ళకు, ఓనర్లకు, తోటి డ్రైవర్లకు

ఇంట్లోవాళ్ళు "మర్చిపో" అనకండి. పక్కన పని చేసుకుంటూ ఉండండి, నోరు విప్పినప్పుడు వినండి. పిల్లలకు వయసుకు తగ్గట్టు నిజం చెప్పండి, బడిలో ఎలాగూ వింటారు.

ఓనర్లు లాయర్ ఫీజు కట్టి చేతులు దులుపుకోకండి. ఖాళీగా ఉన్న రోజులకు ఎంతో కొంత బత్తా ఇవ్వండి, తిరిగి ఎక్కినప్పుడు పగటి లోడ్లే వేయండి. క్లీనర్ని కూడా చూడండి. ఆ కుర్రాడూ అదే అద్దంలోంచి అదే చూశాడు, వాడి పేరు ఎఫ్‌ఐఆర్‌లో లేదు కాబట్టి ఎవరూ గుర్తుపెట్టుకోరు. మా క్లీనర్ రెండు నెలల తర్వాత పని మానేసి ఊరెళ్ళిపోయాడు. నేను అడగాల్సింది, అడగలేదు.

తోటి డ్రైవర్లు వెళ్ళి కలవండి. ఎలా జరిగిందని అడగొద్దు. తిన్నావా, పడుకున్నావా అని అడగండి. నాలుగో నెలలో నేను మళ్ళీ హైవే ఎక్కిన రోజు మా స్టాండులో ఉండే ఒక అన్న తన ట్రిప్పు మానుకుని నా పక్క సీట్లో ఎక్కాడు. సింగరాయకొండ వచ్చేదాకా వాళ్ళ అమ్మాయి పెళ్ళి సంగతులు చెప్పాడు. అక్కడికి వచ్చాక మాట ఆపి, "మూడో గేరులో పో, చాలు" అన్నాడు. టంగుటూరులో దిగి ఇద్దరం టీ తాగాం. ఆయన వెనక్కి బస్సెక్కి నెల్లూరు వెళ్ళిపోయాడు.